పూత పోయిన అద్దం

నేను ఒక గుండ్రటి గాజు పలకను. అద్దమన్న పేరు తర్వాత వచ్చింది. రాయదుర్గంలో కళ్ళద్దాలు అరగదీసే వన్నూరప్ప, రోజూ దుకాణం కట్టేశాక నన్ను తడి గరుకుపొడి మీద పెట్టి రుద్దేవాడు. రుద్దగా రుద్దగా నా మధ్యలో కంటికి ఆననంత గుంట పడింది. ఆకాశంలోని వెలుగును ఒకచోటికి పోగు చేయడానికి ఆ గుంట చాలు. తర్వాత బెంగళూరులో నాకు అల్యూమినియం పూత వేయించి, ఒక ప్లాస్టిక్ గొట్టం అడుగున మరలతో బిగించాడు. అలా నేను టెలిస్కోపునయ్యాను.

శుక్రుడు కూడా చందమామలాగే నెలవంక అవుతాడని అతను చిన్నప్పుడు విన్నాడట. ఆ వంకను ఒక్కసారి చూడాలనే నన్ను చేశాడు. తీరా నేను సిద్ధమయ్యేసరికి అతని కళ్ళకు నీటికాసులు వచ్చాయి. ఊరందరి చూపుకూ అద్దాలు అమర్చినవాడికి ఏ అద్దమూ పనికిరాలేదు. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనని డాక్టరు అన్నాడు. గొట్టం పక్కనున్న చిన్న కటకానికి కన్ను ఆనించి చూస్తే అతనికి ఏమీ తెలియలేదు.

“ఫోటో తీసి పెద్దది చేసి చూపించు పాపా. ఫోను వెలుగైతే నాకింకా తెలుస్తాది” అన్నాడు కూతురు గిరిజతో.

గిరిజ జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో పని చేస్తుంది. మిగిలిన జీన్సు ముక్కతో ఒక తొడుగు కుట్టి, ఫోను కన్ను కటకం మీదికి వచ్చేలా కట్టింది. పొద్దు గుంకగానే పడమటి కొండ మీద శుక్రుడు కనిపిస్తాడు. కానీ రోజురోజుకూ కిందికి దిగిపోతున్నాడు. ఇంకొన్నాళ్ళకు సూర్యుడి వెలుగులో కలిసిపోతాడు. మళ్ళీ సాయంత్రం పూట వంకగా కనబడేది ఏడాదిన్నర దాటాకే. అప్పటికి నాయన కళ్ళు… ఆ మాటను ఆ ఇంట్లో ఎవరూ పూర్తి చేయరు.

రోజూ పని వదలగానే ఆమె పరుగున వచ్చేది. “ఏం గిరిజా, ఆకాశంలో నీ మొగుడేమన్నా ఉండాడా?” అని తోటివాళ్ళు ఎగతాళి చేశారట. “ఉండాడు. రోజూ నాకంటే ముందే పోతాండాడు” అని చెప్పి వచ్చానని తల్లితో అంటే విన్నాను.

నేను దొరికిన వెలుగంతా పోగు చేసి ఇచ్చేదాన్ని. ఫోనులో మాత్రం తెల్లటి ముద్ద పడేది. ఆ పాత ఫోనులో వెలుతురు తగ్గించే వీలు లేదు.

“ఎట్లుంది పాపా?”

“బల్బు మాదిరి ఉంది నాయనా.”

“రేపు చూద్దాంలే.”

రేపులు అయిపోవస్తుండగా మహర్నవమి వచ్చింది. గిరిజ దుమ్ము దులపాలని నన్ను విప్పి బల్ల మీద పెట్టి, యూనిట్‌లో కుట్టు మిషన్లకు పూజ ఉందని వెళ్ళింది. తల్లి హంపమ్మ ఆయుధ పూజకు దుకాణం పనిముట్లన్నీ కడిగి, నా మీద మంచు మరకలు చూసింది. ఇత్తడి చెంబును తోమినట్టు చింతపండూ బూడిదా వేసి నన్ను తోమింది. మనుషులు దేన్నైనా పాడు చేయదలిస్తే ఇంత శ్రద్ధగా చేయరు. తర్వాత పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది.

సాయంత్రం గిరిజ గుమ్మంలోనే నిలబడిపోయింది. “అమ్మా, ఏం జేసినావే!”

“మురికి పట్టింటే తోమినా. సూడు, ఇప్పుడు ఈ పక్కనుంచి ఆ పక్క అగుపిస్తాంది!”

పూత పోయిన నన్ను గిరిజ ఎత్తి వెలుతురుకు పట్టింది. ఆ ముఖం చూశాక హంపమ్మకు సంగతి తెలిసింది. “నా చేతులు ఇరగ! చెప్పకపోతే నాకెట్ల తెలుస్తాది?” అని ఏడుపు అందుకుంది.

“మళ్ళీ పూతకు బెంగళూరికి పంపి తెప్పించేలోపల శుక్రుడు మునిగిపోతాడు నాయనా” అంది గిరిజ.

వన్నూరప్ప నన్ను ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో తడిమాడు. “గుంట యాడికీ పోలేదు. ఉత్త గాజు గూడా కొంచెం వెలుగు తిప్పుతాది. శుక్రునికి ఆ కొంచెం చాలు. బిగించు.”

మర్నాడు శుక్రుడు కొండను దాదాపు తాకుతున్నాడు. ఒంటి మీద పూత లేకుండా, నా దగ్గర మిగిలిన కాస్త వెలుగూ ఇచ్చాను. గిరిజ కేక పెట్టింది. “నాయనా! వంక! నెలవంకే!” ఇన్నాళ్ళూ నేను ఎక్కువిచ్చిన వెలుగే ఆ వంకను దాచిందన్నమాట.

శుక్రుడు కొండ వెనక్కి దిగాక ఆమె ఫోను విప్పి, తీసిన ఫోటో పెద్దది చేసి నాయన చేతికిచ్చి, గొట్టాన్ని కిందికి వంచింది. దాని నోరు అతను కూర్చున్న మంచం వైపు తిరిగింది. వన్నూరప్ప ముఖం నాలో పడింది. చేతిలోని ఫోను వెలుగు అతని గడ్డం మీద, కళ్ళ మీద పరుచుకుంది.

“అబ్బా, ఎంత సన్నం పాపా! కొడవలి మాదిరే. ఆ తెలుపు సూడు…”

ఫోను దానంతటదే ఆరిపోయింది. అతని ముఖం చీకట్లో కలిసింది.

“…ఆ కొసలు సూడు, ఎట్ల మెరుస్తాండాయో” అంటూ అతను ఇంకా చెబుతూనే ఉన్నాడు.

గిరిజ ఫోను మళ్ళీ వెలిగించలేదు. ఆ తర్వాత నాకేమీ కనబడలేదు, విన్నదే.

“ఎప్పట్నుంచి నాయనా?”



“పండగకు ముందే. నువ్వు అంత ఉరికురికి వస్తాంటే ఎట్ల చెప్పేది?”

హంపమ్మ ముక్కు చీదుకున్న చప్పుడు.

“చెయ్యి ఇట్లియ్యి నాయనా. ఇదిగో, ఈడ మొదలైతాది… ఇట్ల వంగి… ఈడికొచ్చి అయిపోతాది.”

“ఇంత సన్నమా?”

“ఇంకా సన్నం. నా వేలే లావు.”

“అయితే గోరుతో గీయి పాపా. మెల్లగా.”