అన్నిటికీ తలూపే గుర్రం

అత్తగారు గుర్రపుస్వారీ నేర్పే బడి నడుపుతోంది. కోడలు గుర్రాల డాక్టరు. ఒకే ఇంట్లో ఇంత సౌకర్యం ఉన్నా, అత్తగారి గుర్రాల్లో దేనికి ముల్లు గుచ్చుకున్నా తీయడానికి బయటివాళ్ళు రావలసిందే. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఆవిడ నమ్మకం.

"పక్కనే ఉండి కూర మాడుతుంటే వాసన పట్టలేని పిల్ల, గుర్రం కడుపులో ఏముందో పట్టేస్తుందా?" అనేది మామగారితో.

ఎండలు ముదిరాక బడిలోని ఎర్రగుర్రం తల ఊపడం మొదలుపెట్టింది. ముక్కులో తేనెటీగ దూరినట్టు తలను పైకీ కిందికీ విదిలించడం, ఆగినచోటల్లా ముక్కును ముంగాలికేసి రుద్దుకోవడం. "కుడివైపు వెళదామా?" అంటే ఊపేది. "ఎడమవైపా?" అన్నా ఊపేది. మామగారు దానికి 'తందాన' అని పేరు పెట్టాడు.

"నువ్వేమన్నా ఔననేది ఈ ఇంట్లో నేనొక్కణ్ణే అనుకున్నా. తోడు దొరికింది," అన్నాడు భార్యతో.

ఆ సరదా ఎన్నాళ్ళో సాగలేదు. స్వారీ నేర్చుకుంటున్న బ్యాంకు మేనేజరు ముందుకు వంగడమూ, తందాన తల ఎగరేయడమూ ఒకేసారి జరిగాయి. కళ్ళజోడు కంచె అవతల పడింది. ముక్కు వాచి వంకాయంత అయింది. అత్తగారికి తల కొట్టేసినట్టయింది.

"పొగరు! తిన్నది అరక్క పొగరు!" అని దాణా తగ్గించి, పగ్గాలు బిగించింది. గుర్రం ఇంకా ఎక్కువ ఊపింది.

డాక్టర్లు వచ్చారు. ఒకాయన పళ్ళు అరగదీశాడు. ఇంకొకాయన కళ్ళెం మార్పించాడు. మూడో ఆయన, "దీనికి మనసు బాగోలేదు. సంగీతం వినిపించండి," అన్నాడు. మామగారు ఈ మాట కోసమే పుట్టినట్టు వేణువు తీసుకుని గుర్రపుశాలలో కూర్చున్నాడు. తందాన తల ఊపలేదు గాని, గోడవైపు తిరిగి నిలబడింది.

"నా పాటకి తగ్గిపోయింది!" అన్నాడు భోజనాల దగ్గర.

కోడలి చెయ్యి కంచంలోనే ఆగింది. "శాలలో అసలు ఊపలేదా మామయ్యా?"

"ఒక్కసారి కూడా ఊపలేదమ్మా."

"బయటికి తెచ్చాక?"

"ఎండలోకి రాగానే మొదలు. అక్కడికి పాట వినపడదు కదా మరి!"

కోడలు అత్తగారి వైపు తిరిగింది. "అత్తయ్యా, ఒక్కసారి నన్ను చూడనివ్వండి."

అత్తగారు గ్లాసెడు నీళ్ళూ తాగి, "చూడు. చూస్తే అరిగిపోదులే," అంది.

మర్నాడు కోడలు గుర్రం కళ్ళూ చెవులూ పళ్ళూ చూసింది. మత్తుమందు కొంచెం ఇచ్చి, కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని ముక్కులోకి పోనిచ్చింది. అత్తగారు మెడ సాచి తెరకేసి చూసింది.

"ఏముంది?"

"ఏమీ లేదత్తయ్యా. అంతా శుభ్రంగా ఉంది."

"ఏమీ లేదని చెప్పడానికి ఇంత పొడుగు గొట్టమా?"

"మామూలు కారణాలేవీ కాదని తేలింది కదా. మొహంలో నరం అతిగా ఉలిక్కిపడుతోందని నా అనుమానం. మొన్న పన్నునొప్పప్పుడు చల్లనీళ్ళు తగిలితే మీరు కుర్చీలోంచి ఎగిరిపడలేదూ? దీనికి ఎండా గాలీ అలా తగులుతున్నాయి. ఇది పొగరు కాదు, నొప్పి."

"ఎందుకొచ్చింది?"

"అది నాకు తెలీదత్తయ్యా. ఎవరికీ సరిగ్గా తెలీదు."

తనకు తెలీదని చెప్పిన డాక్టరును అత్తగారు చూడటం అదే మొదటిసారి. గుర్రం దగ్గరికెళ్ళి మెడ నిమిరి, "నోరుంటే చెప్పుకునేదానివి కదే తల్లీ," అంది.

ముక్కు మీద సన్నటి వల కడితే కొన్ని గుర్రాలకు హాయిగా ఉంటుందనీ, తెప్పించడానికి వారం పడుతుందనీ కోడలు చెప్పింది. వారం ఆగే ఓపిక అత్తగారికెక్కడిది? ఇంట్లోకెళ్ళి, చదరంగా కత్తిరించి అంచులు కూడా కుట్టిన వలముక్కతో తిరిగొచ్చింది. కోడలు దాన్ని ముక్కుపుటాలు కప్పేలా కళ్ళెం పట్టీకి కట్టింది. మత్తు పూర్తిగా దిగాక అత్తగారు గుర్రమెక్కి ఎండలోకి నడిపించింది. మొదటి చుట్టులో తల నాలుగైదుసార్లు ఎగిరింది. తర్వాతి చుట్టులో ఒకసారి. ఆ తర్వాత నిలకడగా సాగింది.

"అమ్మాయ్! ఊపట్లేదే! చూడవే!" అని మైదానం దద్దరిల్లేలా అరిచింది అత్తగారు.

మర్నాడు పొద్దున మామగారు ఒళ్ళంతా గోక్కుంటూ వచ్చాడు. "మన దోమతెరకి కిటికీ ఎవరు పెట్టారు?"

అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని పడీపడీ నవ్వారు.

జబ్బు పూర్తిగా పోలేదు. కళ్ళకు నీడనిచ్చే ముసుగు తొడిగాక ఇంకొంచెం తగ్గింది. మిట్టమధ్యాహ్నం పాఠాలు మానాలని కోడలంటే, కుదరదని అత్తగారు రెండు పూటలు వాదించి, మూడో పూట మానేసింది. బ్యాంకు మేనేజరు మొహానికి జాలీ ఉన్న హెల్మెట్టుతో తిరిగొచ్చాడు. ముక్కుకు వల కట్టుకున్న గుర్రమూ ఆయనా కాసేపు ఒకరినొకరు తేరిపార చూసుకున్నారు.

అప్పట్నుంచి కోడలికి సెలవన్నది లేకుండా పోయింది. ఆదివారం ఇంకా దుప్పటి తీయకముందే తలుపు చప్పుడైంది.

"అమ్మాయ్, లేచావా? నల్లగుర్రం దగ్గుతోంది. తొందరేం లేదులే, నిమ్మళంగా చెప్పులేసుకునే రా."