కప్పులు అబద్ధం చెప్పవు

ఆఫీసులో అతన్ని అందరూ పోలీసు అనేవారు. మొహం మీద కాదు, వెనకాల. ఆ సంగతి అతనికి తెలుసు, తెలిసి లోలోపల మురిసిపోయేవాడు. వీడియో గేములు తయారుచేసే ఆ కంపెనీలో అతని పని గేములు చేయడం కాదు, చేసినవి బజారులోకి రాకముందే బయటికి పొక్కకుండా కాపలా కాయడం. అలాంటి ఉద్యోగానికి కొంచెం అనుమానం, కొంచెం ఓపిక ఉంటే చాలు. మన పోలీసుకు రెండూ దండిగా ఉండేవి. వాటితోపాటు, లోకంలో నిజాయితీపరుడు తనొక్కడేనన్న నమ్మకం కూడా ఉండేది.

కాపీ అన్న మాట వింటే అతనికి ఒళ్ళు మండేది. బస్సులో పక్కవాడు ఫోనులో దొంగ సినిమా చూస్తుంటే లేచి వేరే సీటులో కూర్చునేవాడు. ఎవరింటికైనా భోజనానికి వెళ్తే, వాళ్ళు పెట్టిన పాటకు డబ్బు కట్టారా లేదా అని ఆరా తీసేవాడు. అందుకే రెండోసారి ఎవరూ పిలిచేవారు కాదు.

ఇంట్లో అతనికి సరైన మొగుడు బావమరిది. ఉద్యోగం దొరికేదాకా ఉంటానని అక్కగారింటికి ఒక సంచితో వచ్చి, ముందుగది సోఫాలో వేళ్ళూనుకున్నాడు. రోజూ భోజనాల దగ్గర ఇద్దరికీ ఇదే రగడ.

"ఎవడి చెప్పులైనా ఎత్తుకుపోతే వాడు ఉత్తకాళ్ళతో నడవాలి బావా. అది దొంగతనం. గేము కాపీ చేసుకుంటే ఎవడికేం పోయింది? వాడిది వాడి దగ్గరే ఉంటుందిగా," అనేవాడు బావమరిది.

"చేసినవాడి కష్టం పోతుంది."

"చేసినవాళ్ళు జీతం తీసుకునే చేశారు. అయినా మీవాళ్ళు గేము అమ్ముతున్నారా అసలు? డబ్బు కట్టినా అది మనది కాదట, ఆడుకోవడానికి అనుమతి మాత్రమేనట. రేపు వాళ్ళకు బుద్ధి పుడితే మన మిషన్లోంచి తీసేసుకుంటారట. అమ్మనే అమ్మనిదాన్ని మనం దొంగిలించామంటే ఎలా?"

"తిండి పెట్టేవాడి వృత్తిని తిండి దగ్గరే తిట్టకు," అనేవాడు పోలీసు. బావమరిది నవ్వి ఇంకో ముద్ద కలుపుకునేవాడు.

అతని భార్య ఇద్దరి మధ్యా గిన్నె పెట్టి, "ఆడేవాళ్ళకీ బుద్ధి లేదు, చేసేవాళ్ళకీ లేదు. కళ్ళు పాడుచేసుకునే దానికి మళ్ళీ హక్కులూ, చట్టాలూ," అని తీర్పు చెప్పేది. అక్కడితో ఆ పూటకు సద్దుమణిగేది.

ఆ ఏడు కంపెనీ ఒక పెద్ద గేము తలపెట్టింది. విడుదల దగ్గర పడేసరికి పని మిగిలిపోయి, పరీక్షించేవాళ్ళు కాపీలను ఇంటికి తీసుకెళ్ళి సెలవుల్లో కూడా ఆడి తప్పులు పట్టాల్సి వచ్చింది. మేనేజరుకు గుండెల్లో రైళ్ళు పరిగెత్తాయి. ఒక్క బొమ్మ బయటపడినా కొంప మునుగుతుంది. అప్పుడు మన పోలీసు ఒక ఉపాయం చెప్పాడు. అది అతని జీవితంలోకెల్లా గొప్ప ఉపాయం.

గేము మొదలయ్యేది ఒక వంటింట్లో. ఆ వంటింట్లో అర మీద వరసగా కప్పులుంటాయి. ప్రతి మనిషికీ ఇచ్చే కాపీలో ఆ కప్పుల పిడులు వేరువేరు వైపులకు తిరిగి ఉంటాయి. ఒకరి కాపీలో మొదటి రెండూ కుడికి, మిగతావి ఎడమకు. ఇంకొకరి దాంట్లో చివరిది మాత్రమే కుడికి. ఆడేవాళ్ళకు ఆ తేడా తెలియదు, పక్కవాడి అర ఎవరూ చూడరు కదా. బొమ్మ ఎక్కడైనా బయటపడితే కప్పులు చూసి మనిషిని పట్టుకోవచ్చు. ఈ రహస్యం మేనేజరుకూ అతనికీ తప్ప మూడో మనిషికి తెలియదు.

"కప్పులు అబద్ధం చెప్పవు సార్," అన్నాడు పోలీసు. ఆ మాట అతనికే ఎంతో నచ్చింది.

తనిఖీ కాని కాపీ ఏదీ ఆఫీసు గడప దాటకూడదని ఒక నియమం ఉండేది. రాసింది అతనే. అయితే ఆఫీసు తెర చిన్నది, కప్పుల పిడులు కంటికి సరిగా ఆనవు. ఇంట్లో గోడంత టీవీ ఉంది. అందుకని కాపీలు పంచడానికి ముందురోజు సాయంత్రం అన్నింటినీ సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చి, ఒక్కొక్కటే టీవీలో పెట్టి కప్పులు సరిచూసుకున్నాడు. నియమం రాసినవాడికి నియమం వర్తిస్తుందని అతనికి తోచలేదు. అలాంటివాళ్ళకు ఎప్పుడూ తోచదు. మధ్యలో భార్య భోజనానికి కేకేస్తే, తెర మీద వంటింటిని అలాగే వదిలేసి వెళ్ళి తిని వచ్చాడు.

పరీక్షించేవాళ్ళందరిలోకీ పెద్దవాడు తాతయ్య. జుట్టు తెల్లబడిందని ఆఫీసంతా అలా పిలిచేది, ఆయనా పలికేవాడు. గేములో కొత్త గది కనిపిస్తే చాలు, హీరోను తీసుకెళ్ళి ప్రతి గోడకూ తల బాదించేవాడు. ఎక్కడో ఒకచోట గోడ గోడ కాదు, అందులోంచి మనిషి దూరిపోయి శూన్యంలో పడతాడు. ఆ చోటు కనిపెట్టడమే ఆయన పని. పోలీసు ఈ కంపెనీలో చేరిన కొత్తలో ఆయన చేతికిందే నేర్చుకున్నాడు. "కనిపించిందని గోడను నమ్మకు నాయనా, తోసి చూడు," అని ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఆయన కుర్చీలో కూతురు కుట్టిచ్చిన నీలం మెత్త ఒకటి ఉండేది. అది లేకపోతే నడుము పట్టేసేది.

తాతయ్య కాపీ తీసుకుని ఇంటికి వెళ్ళాడు. ఆ సెలవులు అయ్యేలోపలే వంటింటి బొమ్మ ఊరంతా తిరిగింది. తెల్లారేసరికి ప్రతివాడి ఫోనులోనూ అదే. పోలీసు ఆ బొమ్మను పెద్దది చేసి కప్పులు చూశాడు. ఒకసారి కాదు, పదిసార్లు చూశాడు. తాతయ్య కప్పులే.

మేనేజరు గదిలో తాతయ్య నిలబడే ఉన్నాడు, ఎవరూ కూర్చోమనలేదు.

"నాకు ఫొటో తీయడమే సరిగా రాదు సార్. వాటిని ఎక్కడ పెట్టాలో కూడా తెలియదు," అన్నాడు.

"మీకు రాకపోతే ఇంట్లో ఎవరికి వచ్చు?" అన్నాడు పోలీసు.

తాతయ్య ఆలోచించాడు. ఇంట్లో ఉండేది కూతురూ అల్లుడూ. అల్లుడికి గేములంటే ప్రాణం, గేముల గురించి నలుగురిలో మాట్లాడడం అంతకన్నా ప్రాణం. ఆయన మొహంలో ఆ ఆలోచన నడుస్తుంటే పోలీసు వేటగాడిలా చూస్తూ నిలబడ్డాడు.

"మా అల్లుడు అలాంటివాడు కాదు బాబూ."

"కప్పులు అబద్ధం చెప్పవు తాతయ్యగారూ. ఇంట్లోవాళ్ళు చేసినా బాధ్యత మీదే," అన్నాడు పోలీసు. కప్పుల సంగతి అప్పుడే మొదటిసారి ఆయనకు విప్పి చెప్పాడు, మెచ్చుకుంటాడేమోనని కూడా ఆశపడ్డాడు. తాతయ్య నిజంగానే మెచ్చుకున్నాడు. "మంచి పని చేశావు నాయనా. నాకు తట్టలేదు," అన్నాడు. తర్వాత రాజీనామా కాగితం మీద సంతకం ఎక్కడ పెట్టాలో చూపిస్తే పెట్టేసి, మెత్త కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి పోలీసు ఇంట్లో మిఠాయి పంచాడు. కొన్నాళ్ళపాటు ఆ కథ భోజనాల దగ్గర వినిపిస్తూనే ఉంది. విన్న ప్రతిసారీ బావమరిది తలవంచుకుని తినేవాడు. అతను వాదన మానేశాడంటే తన గెలుపేనని పోలీసు అనుకున్నాడు.

అయితే ఎంతటివాడికైనా చెవిలో అదే పాట మోగుతుంటే విసుగొస్తుంది.

"ఇంక చాలు బావా," అన్నాడు బావమరిది ఒకరోజు. "ఆ ఫొటో తీసింది నేను."

పోలీసు నవ్వాడు. బావమరిది ఎడంచేత్తో ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. అందులో అదే వంటింటి బొమ్మ, కాకపోతే పూర్తి బొమ్మ. పక్కన తమ టీవీ అంచు, ఆ అంచు పక్కన భార్య కొన్న ఆకుపచ్చ పూలకుండీ, కుండీ మీద ఆరేసిన అతని చేతిరుమాలు. ఊళ్ళో తిరిగినదాన్ని చుట్టూ కత్తిరించి పెట్టారన్నమాట.

"మీరు తింటుంటే తీశాను. సరదాగా ఓ స్నేహితుడికి పంపా. వాడు ఆగి ఆగి సెలవుల్లో నెట్లో పెట్టాడు. అందులో మనుషుల్ని పట్టే గుర్తులున్నాయని నాకేం తెలుసు? అయినా ఫొటోనేగా బావా, గేము మీ దగ్గరే ఉంది."

పోలీసు ఫోను అందుకుని బొమ్మను పెద్దది చేసి కప్పులు చూశాడు. ఆ సాయంత్రం తను భోజనానికి లేచినప్పుడు టీవీలో ఉన్నది తాతయ్య కాపీ. కప్పులు అబద్ధం చెప్పలేదు. ఆ కాపీ ఎవరిదో చెప్పాయి, ఎవరింట్లో ఉందో వాటిని ఎవరూ అడగలేదు. ఎవరింట్లో అని అడగాల్సింది తను. తన ఇల్లు తప్ప ఊళ్ళో అన్ని ఇళ్ళనూ అనుమానించాడు.

"రేపు మేనేజరుకు చెప్పేస్తాను," అన్నాడు.

"ఏమని చెబుతారు?" అంది భార్య. "కాపీలు ఇంటికి తెచ్చానని చెబుతారా? ఆ తాతయ్యతోపాటు మీరూ రోడ్డున పడతారు. ఆయన వయసు ఎలాగూ అయిపోయింది. మీకింకా బోలెడు బతుకుంది."

"నాకు మాత్రం లేదా బతుకు?" అన్నాడు బావమరిది చేయి కడుక్కుంటూ. "ఆ ముసలాయన సీటు ఇంకా ఖాళీగానే ఉందన్నారుగా బావా."

బెదిరించలేదు, గొంతు కూడా పెంచలేదు. ఇంట్లోవాళ్ళకు ఆ అవసరం ఉండదు. పోలీసు మర్నాడు మేనేజరు గదికి వెళ్ళాడు, చెప్పాల్సిన మాట నాలుక చివరి దాకా వచ్చింది. బయటికి వచ్చిన మాట మాత్రం, "మా బావమరిది గేములు బాగా ఆడతాడు సార్, నమ్మకస్తుడు." పోలీసు సిఫార్సు చేసిన మనిషిని ఇంకెవరు అనుమానిస్తారు? ఆ వారమే బావమరిది తాతయ్య కుర్చీలో కూర్చున్నాడు. నీలం మెత్త బాగుందన్నాడు కూడా.

ఆ తర్వాత మిఠాయి కథ ఇంట్లో వినిపించలేదు. బస్సులో పక్కవాడు దొంగ సినిమా చూస్తే పోలీసు సీటు మారడం మానేశాడు. తేలు కుట్టిన దొంగలా తిరిగాడు కొన్నాళ్ళు. కొన్నాళ్ళకు అదీ అలవాటైపోయింది. బాధ ఎల్లకాలం ఉంటుందని అతనూ అనుకున్నాడు పాపం, అది కూడా నిలవలేదు.

ఇలా అంతా సర్దుకున్నాక ఒకరోజు మధ్యాహ్నం తాతయ్య వచ్చాడు. చొక్కా ఇస్త్రీ లేదు, గడ్డం పెరిగింది. మెత్త కోసం వచ్చానన్నాడు. బావమరిది లేచి, మెత్త దులిపి, రెండు చేతులతో అందించాడు.

"కొత్తగా చేరావా బాబూ? గోడలన్నీ తోసి చూడు, నమ్మకు," అన్నాడు తాతయ్య. బావమరిది అలాగేనండి అన్నాడు.

మెత్త చంకలో పెట్టుకుని కూడా ఆయన కదలలేదు. పోలీసు బల్ల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"నువ్వు చెప్పిందే నిజం నాయనా. అల్లుణ్ణి నిలదీశాను. నేను కాదు, నేను కాదు అన్నాడు. అబద్ధమాడినందుకు చెంప మీద కొట్టాను. జీవితంలో ఎవర్నీ కొట్టలేదు నేను. మా అమ్మాయి మొగుడి వైపు నిలబడింది. ఆయన చేయలేదు, మీ కప్పులే తప్పు అంది. సామాను సర్దుకుని ఇద్దరూ వెళ్ళిపోయారు. నాతో మాట్లాడడం లేదు."

"అయ్యో," అన్నాడు పోలీసు.

"నాకు ఉద్యోగం పోయినందుకు బాధ లేదు. ఇంట్లో ఒక్కణ్ణే ఉండడం నావల్ల కావడం లేదు. నువ్వు ఒక్క మాట చెప్పు దానికి. గుర్తు పెట్టినవాడివి నువ్వు చెబితే నమ్ముతుంది. నా తప్పు లేదని తెలిస్తే నాతో మాట్లాడుతుంది." ఆయన ఫోను తీశాడు. "నా చేతికింద నేర్చుకున్నవాడివి. నీ పనిలో తప్పుండదని నాకు తెలుసు."

ప్రతి గోడనూ తోసి చూసిన మనిషి, ఈ ఒక్కదానికి మాత్రం వీపు ఆనించి నిలబడ్డాడు. పోలీసుకు ఆ క్షణంలో జాలి కలగలేదు. కోపం వచ్చింది. మెత్త తీసుకుని పోకుండా, తన పాపాన్ని తనచేతే ఇంకోసారి చేయించడానికి వచ్చిన ఈ ముసలాయన మీద పట్టరాని కోపం వచ్చింది. అటు చూస్తే బావమరిది చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్లలో ఒకటి పక్కకు జరిపి వింటున్నాడు. మేనేజరు గది తలుపు తెరిచే ఉంది. ఒక్క మాట చాలు. ఒక కూతురు తండ్రి దగ్గరికి వస్తుంది, ఒక అల్లుడి మీద నింద పోతుంది. తను రోడ్డున పడతాడు.

తాతయ్య నంబరు నొక్కి స్పీకరు పెట్టాడు. అవతల ఎత్తారు.

"మళ్ళీ ఎందుకు చేశావు నాన్నా?"

"నేను కాదమ్మా, మా ఆఫీసాయన మాట్లాడతాడు," అని తాతయ్య ఫోను పోలీసు నోటి దగ్గర పెట్టాడు.

"నమస్తే అమ్మా. ఆ గుర్తులు పెట్టింది నేనే," అన్నాడు పోలీసు.

"చెప్పండి. అందులో పొరపాటు జరగడానికి వీలే లేదా?" అంది ఆవిడ. "మా ఆయన నా తల మీద చేయి పెట్టి చెప్పారండీ, తను తీయలేదని. నేను నమ్మాను. ఒక్కసారి బాగా ఆలోచించి చెప్పండి. వేరే ఎవరి దగ్గరికైనా ఆ కాపీ వెళ్ళి ఉండొచ్చా?"

పోలీసు బాగానే ఆలోచించాడు.

"వెళ్ళదమ్మా. తయారైన దగ్గర్నుంచి మీ నాన్నగారి చేతికి వచ్చేదాకా నా చేతుల్లోనే ఉంది. కప్పులు అబద్ధం చెప్పవు."

ఆవిడ ఫోను పక్కకు తిప్పి ఎవరినో పిలవడం వినిపించింది. ఆ గొంతులో ఇందాకటి మెత్తదనం లేదు.

"ఏమండీ. ఒకసారి ఇలా రండి."

ఫోను ఆగిపోయింది.

"నమ్మింది," అన్నాడు తాతయ్య. కళ్ళ నీళ్ళు తుడుచుకుని, మెత్త ఇంకో చంకలోకి మార్చుకుని, పోలీసు చేయి రెండు చేతులతో పట్టుకున్నాడు. "నీ మేలు మర్చిపోను నాయనా," అన్నాడు.

పోలీసు ఆయన్ని మెట్ల దాకా దిగబెట్టి వచ్చాడు. బావమరిది హెడ్‌ఫోన్ సర్దుకుని మళ్ళీ ఆటలో పడ్డాడు. తెర మీద హీరో వంటింట్లోకి వెళ్ళి, గోడకు తల బాదుకుంటున్నాడు.