మూడు సూతుల రంధ్రం

విజయశ్రీ కట్టే రిమోట్ విమానం రెక్కలు తొమ్మిదడుగులు. అశోక్ నగర్‌లోని రెండు గదుల ఇంట్లో అంత విమానం ఎక్కడ పడుతుంది? డైనింగ్ టేబుల్‌ను మేడ మీదికి తరిమేసి, ఏడాదిన్నర పాటు కట్టింది. ఇక మిగిలింది ముక్కు. ప్రొపెల్లర్ మధ్యభాగాన్ని కప్పే కోసు టోపీ, స్పిన్నర్. అది కుదిరితే ఆదివారం క్లబ్బు మైదానంలో విమానం లేస్తుంది. కుదరకపోతే చెకింగ్‌లోనే ఆపేస్తారు, మళ్లీ ఎగరడం వానలు పోయాకే.

ఆమె భర్త కిషన్ రావు నారాయణగూడ షాపులో ఎర్ర ప్లాస్టిక్ స్పిన్నర్ చూసి ముచ్చటపడ్డాడు. ఆమె వేలితో నొక్కి పక్కన పెట్టింది. పెట్రోల్ ఇంజన్ వణుకుకు అది పగిలి ఎవరి మొహానో తగులుతుంది. పైగా విమానానికి తోక బరువు ఎక్కువ, ముక్కున అల్యూమినియం ఉంటేనే తూకం. అందుకే ఇంజన్ మూతి కొలిచి, అంతే వెడల్పుతో ముషీరాబాద్ లేత్ షాపు కృష్ణయ్య దగ్గర చేయించాలనుకుంది. మధ్య రంధ్రం పది మిల్లీమీటర్లని చీటీ రాసి, ఆఫీసుకు పోతూ భర్త చేతికిచ్చింది.

అక్కడే మునిగింది. లేత్ షాపులో అందరూ సూతుల్లో మాట్లాడుతున్నారు. సూతంటే అంగుళంలో ఎనిమిదో వంతు. బీమా ఆఫీసులో ముప్పై ఏళ్లు కుర్చీ అరగదీసిన కిషన్ రావుకు అక్కడ తానూ పనివాడిలా కనపడాలనిపించింది. చీటీ జేబులోనే ఉంచి, మూడు సూతులు కొట్టమన్నాడు. అర మిల్లీమీటరు తక్కువ. తెచ్చిన స్పిన్నర్ ఇంజన్ షాఫ్టుకు ఎక్కలేదు. ఊరుకున్నాడా? ఆమె వచ్చేలోపు ఆకురాయి పట్టి రంధ్రం రుద్దేశాడు. ఎక్కింది. తిప్పితే మాత్రం తాగినవాడి తలలా ఊగింది.

విజయశ్రీ దాన్ని రెండుసార్లు తిప్పి చూసింది. చీటీ ఏదని మాత్రం అడిగింది.

శనివారం పొద్దున్నే ఇద్దరూ స్కూటర్ మీద చిక్కడపల్లి ట్రాఫిక్ దాటి షాపుకు వెళ్లారు. పాలమూరు నుంచి ఇటుకలు మోయడానికి వచ్చి, చూసి చూసి లేత్ నేర్చుకున్న మనిషి కృష్ణయ్య. రంధ్రంలో వేలు పెట్టాడు.

"దీన్ని ఎవరు రుద్దిన్రక్కా?"

కిషన్ రావు గోడ మీది క్యాలెండర్ చదవసాగాడు.

"మా ఇంట్ల ఇంజినీరున్నడు లే అన్నా" అంది విజయశ్రీ.

కృష్ణయ్య నవ్వి, రంధ్రాన్ని నాలుగు సూతులకు పెంచి, అందులో స్టీలు బుష్, అంటే చిన్న గొట్టం ముక్క, దిగగొట్టి, ఆ బుష్‌లో సరిగ్గా పది మిల్లీమీటర్లు తీశాడు. లేత్ మీద తిప్పి చూపించాడు.

"తిరిగేది కనపడొద్దక్కా. నిలబడ్డట్టుండాలె."

నిజంగానే అంత వేగంలోనూ లోహం కదలనట్టే ఉంది. ప్రొపెల్లర్ రెక్కలు బయటికొచ్చే గాడులను సాయంత్రం ఆమే అరగదీసింది. రెక్కకూ అంచుకూ మధ్య రెండు ఏటీఎం కార్డులు పట్టేంత సందు వదిలి బిగించింది.

ఆదివారం మైదానంలో చెకింగ్ క్లబ్బు సభ్యుడు రాజీవ్‌ది. స్పానర్ ఆమె చేతిలో ఉంది, మసి ఆమె గోళ్లలో ఉంది. ప్రశ్నలన్నీ కిషన్ రావుకే. ఇంజన్ బరువెంత సార్, పెట్రోల్ ఎంత సార్. ఏం కళ్లో ఏమో. ఇంజన్ స్టార్టయ్యాక రాజీవ్ పక్కకు జరిగి, వంగి, ముక్కు వంక చాలాసేపు చూశాడు.

"జర కూడా ఊగుతలేదు. బయటి దేశంలకెల్లి తెప్పించిన్రా సార్?"

"నన్నడుగుతవేంది?" అన్నాడు కిషన్ రావు. "చేసింది ముషీరాబాద్ కృష్ణయ్య. బిగించింది ఈమె. నేను పాడు చేసినోన్ని."

రాజీవ్ మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. మేడం, మీరు రెడీయేనా అని అడగబోయాడు. రిమోట్ అప్పటికే ఆమె మెడలో వేలాడుతోంది, విమానం గడ్డి మీద పరుగెత్తుతోంది. అది లేచి మలుపు తిరుగుతుంటే కిషన్ రావు పక్కవాడి భుజం పట్టి కుదుపుతున్నాడు.

"చూడు, ముక్కు నిలబడ్డది చూడు."

పక్కవాడికి ముక్క అర్థం కాలేదు.