గెలిచిన కుక్కను నిమిరే ఆచారం

పొద్దున బండి దిగుతూనే నల్లోడు దగ్గాడు. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు పొడిదగ్గు. ఆ కుక్కను పెంచుకున్న దర్జీ ఆవిడ చుట్టూ చూసింది. ఎవరూ వినలేదు. గబగబా తేనె సీసా తీసి, వేలితో వాడి నాలుకకు రాసింది.

కుక్కల పోటీలకు వచ్చేవాళ్ల మధ్య ఎక్కడా రాసిపెట్టని కట్టుబాట్లు చాలా ఉన్నాయి. అడక్కుండా ఇంకొకరి కుక్కకు ఏమీ పెట్టకూడదు. పక్కవాళ్ల కుక్కకు వంక పెట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైనది, దగ్గే కుక్కను గేటు బయటి నుంచే వెనక్కి తీసుకుపోవాలి. అది అంటుదగ్గు, పెద్ద కుక్కలకు పది రోజుల బాధ, పసికూనలకు మాత్రం ప్రాణాంతకం. ఇదంతా ఆవిడకు తెలుసు. కానీ నల్లోడు ఇంకొక్కసారి గెలిస్తే ఛాంపియన్ పట్టా వస్తుంది. మూతి నెరుస్తోంది, వచ్చే ఏడాదికి వాడు వరుసలో నిలబడలేడు. అదీ తెలుసు.

గేటు దగ్గర పశువుల డాక్టరు కాగితాలు చూసి, జ్వరం చూసి, "వెళ్లండమ్మా" అన్నాడు.

హాల్లో రొట్టెల అక్క అప్పటికే చోటు పట్టి ఉంచింది. బేకరీ నడుపుతుంది కాబట్టి ఆ పేరు. పదేళ్లుగా ఇద్దరివీ పక్కపక్క బల్లలే.

"ఏమే, ఇంత ఆలస్యం? మీ ఆయనకు కూడా తల దువ్వి వచ్చావా?"

"దువ్వడానికి ఆయనకు జుట్టెక్కడుందక్కా."

అక్క పడీపడీ నవ్వింది. తను తెచ్చిన తెల్ల కుక్క ముందు గిన్నెలో నీళ్లు పోసి, నల్లోడి వైపు కూడా జరిపింది.

"నిద్ర లేదే నాకు. ఇంట్లో ఏడు కూనలు. ఇంకా కళ్లు తెరవలేదు. తల్లికి పాలు చాలక, సీసాతో నేనే పడుతున్నా."

దర్జీ ఆవిడ చెయ్యి గొలుసు మీద బిగిసింది. "వీడికి దాహం లేదులే అక్కా" అనేలోపే నల్లోడు గిన్నెలో మూతి పెట్టేశాడు.

మధ్యాహ్నానికి జడ్జి వేలు నల్లోడి వైపే చూపించింది.

ఓడినవాళ్లు ఇళ్లకు వెళ్లేముందు గెలిచిన కుక్క తల నిమిరి పోవడం అక్కడి ఆచారం. వద్దంటే పొగరంటారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. నిమిరిన ప్రతి చెయ్యీ తిరిగి వెళ్లి తన కుక్క మూతిని పట్టుకుంటోంది. దర్జీ ఆవిడ పట్టా పట్టుకుని నవ్వుతూ నిలబడింది. నవ్వీ నవ్వీ దవడలు నొప్పెట్టాయి.

చివరికి అక్క వచ్చింది. నల్లోడి మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. వాడు ఆమె అరచేతులు ఆబగా నాకాడు.

"అక్కా, ఇంటికెళ్లాక కూనల్ని ముట్టుకునే ముందు చేతులు కడుక్కో."

"ఓసి నీ, వాడు ఛాంపియన్ అయ్యాడో లేదో నాకు శుభ్రం నేర్పుతున్నావా?" అక్క నవ్వుతూనే ఆమె మొహంలోకి చూసింది. "ఏమైందే?"

వాడు దగ్గాడక్కా. అంతే చెప్పాలి. చెబితే పట్టా పోతుంది, ఆ పక్కబల్లా పోతుంది.

"ఊరికే అన్నా."

"సరే, పాలవేళ దాటిపోతోంది. ఏడుస్తుంటాయి." అక్క సంచి సర్దుకుని తెల్ల కుక్కతో బయల్దేరింది.

ఆమె తలుపు దాటుతుంటే దర్జీ ఆవిడ "అక్కా" అని పిలిచింది. వీడ్కోలు చెప్పడానికి పిలిచిందనుకుని, అక్క వెనక్కి తిరక్కుండానే చెయ్యి ఊపింది. ఆ చేత్తోనే బండి తలుపు తీసుకుని ఎక్కింది.