దోనెలో తలగడ

పాస్టరు గారు ఆ చర్చికి వచ్చి పందొమ్మిదేళ్ళయింది. వారానికొకటి చొప్పున ప్రసంగాలు వెయ్యికి దగ్గరపడ్డాయి. మొదట్లో బుధవారానికే అంతా సిద్ధమైపోయేది. ఈమధ్య శనివారం మధ్యాహ్నమైనా కలం కదలడం లేదు.

ఆ వారం వాక్యభాగం తుపానులో దోనె. శిష్యులు హడలిపోతుంటే, ప్రభువు వెనకభాగంలో తలగడ మీద తల వాల్చి నిద్రపోతుంటాడు. లేపగానే లేచి గాలిని గద్దిస్తాడు. దాని మీద ఆయన ఇప్పటికి ఏడుసార్లు మాట్లాడారు. ఏడుసార్లూ తుపాను గురించే.

"పాడిందే పాట పాచిపళ్ళ దాసరి అయిపోయింది నా పని," అన్నారు భార్యతో.

"ఆ సంగతి సంఘమంతటికీ తెలుసులెండి," అని నవ్విందామె. "కాస్త గాలి తగిలేలా బయటికి వెళ్ళి రండి. మా అమ్మ రెండు దిళ్ళు కుడుతోంది, అవి తెచ్చిపెట్టండి."

అత్తగారి పరుపుల దుకాణం రెండు వీధుల అవతల. వెనకగదిలో దూది ఏకే యంత్రం తిరుగుతోంది. కిటికీలోంచి పడే ఎండలో దూదిపింజలు ఎటు పోవాలో తోచనట్టు తేలుతున్నాయి.

"కూర్చోండి అల్లుడు గారూ. ఒక్క అంచు మిగిలింది, అంతే."

ఆయన కొత్త పరుపుల దొంతర మీద వెనక్కి వాలారు. యంత్రం చప్పుడు మెల్లమెల్లగా నీళ్ళ చప్పుడైంది. దోనె ఊగుతోంది. అలల మీద దూది మంచులా కురుస్తోంది. తాను సూదీ దారంతో ఒక మూల కూర్చుని తలగడ కుడుతున్నారు. అలసిపోయిన మనిషి ఒకాయన పక్కనే నిలబడి, ఏమీ అడగకుండా ఎదురుచూస్తున్నాడు. దారం ఎంతకీ తరగడం లేదు. భయం లేదు గానీ, ఆ మనిషి కళ్ళు మూతలు పడేలోగా ఇది పూర్తి కావాలని ఒకటే ఆత్రం.

"గుర్రు కూడా పెట్టారు," అంది అత్తగారు.

పాస్టరు గారు సిగ్గుపడుతూనే కల చెప్పారు. ఆమె నవ్వలేదు. పంటితో దారం తెంపింది.

"అవును గానీ, చేపలు పట్టే పడవలోకి దిండు ఎలా వచ్చింది బాబూ? పాపం అలసిపోయాడని చూసి ఎవరో పెట్టే ఉంటారు."

"ఎవరో ఎక్కడా రాయలేదు అత్తయ్యా."

"రాయరు. పడుకున్నవాణ్ణి చూస్తారు గానీ, దిండు కుట్టినదాన్ని ఎవరు చూస్తారు?" అంది, చీరకంటిన దూది దులుపుకుంటూ. ఆ గొంతులో నిష్ఠూరం లేదు.

పాస్టరు గారు గబగబా ఇంటికొచ్చి బల్ల ముందు కూర్చున్నారు. "దిళ్ళేవండీ?" అని భార్య అడిగింది. ఆయన వింటేగా!

ఆదివారం ప్రసంగం తొమ్మిదే నిమిషాలు. తుపాను ఊసెత్తలేదు. గాలిని ఆపడం చేతకాకపోయినా, ఎదుటివాడి అలసట కనిపెట్టి తల కింద మెత్తగా ఏదో పెట్టినవాళ్ళ గురించి చెప్పారు. వెనక వరసలో వారంవారం కునుకు తీసే గుమాస్తా గారు, నిద్ర గురించిన ప్రసంగం కాబట్టేమో, చివరిదాకా మేలుకునే ఉన్నారు.

అందరూ వెళ్ళాక ఒకామె మిగిలింది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే మనిషి.

"అయ్యగారూ, ఇరవై ఏళ్ళుగా ఈ పనే చేస్తున్నాను. దాని గురించి ఇక్కడ వినడం ఇదే మొదలు."

ఆయన రెండడుగులు దగ్గరికి వచ్చారు. "ఒకసారి వచ్చి చూడొచ్చా అమ్మా?"

"ఏముందయ్యగారూ చూడ్డానికి? ఆవిరి తప్ప!"

మంగళవారం పొద్దున వెళ్ళారు. నిజంగానే అంతా ఆవిరి. తెల్లటి దుప్పట్ల మధ్య మనుషులు కనిపిస్తూ మాయమవుతున్నారు. ఆమె ఒక తడి దుప్పటి కొస ఆయన చేతికిచ్చి, రెండో కొస పట్టుకుని వెనక్కి నడిచింది.

"గట్టిగా లాగండి అయ్యగారూ, ముడతలు పోవాలి," అంది ఆవిరిలోంచి.

ఆయన లాగారు. వచ్చే వారం ఏం చెప్పాలో ఇంకా తెలియదు. తొందరా లేదు.