మా మామగారి ముఖం

సంతలో హమాలీల గది గోడ మీద బస్తా మోస్తున్న ఆ మనిషి మా మామగారు. బొమ్మ వేసింది మా ఆయన, రంగులు కలిపింది నేను. మామగారు ఏ గోదాములో బస్తాల వరస కూలి మీదపడి చచ్చిపోయాడో ఆ గోదాము షావుకారు ఒకనాడు కారు దిగి, ఆ బొమ్మ ముందు నిలబడి కళ్లు తుడుచుకున్నాడు.

“ఇది నేనే! కుర్రతనంలో నేనూ మూటలు మోశాను. బుగ్గ మీద ఆ గాటు చూడండ్రా!”

షావుకారు బుగ్గ మీదా గాటుంది మరి. వెంట ఉన్న బంట్లు తలలూపారు. హమాలీలు నేలచూపులు చూశారు. వాళ్లకు కూడు పెట్టేది ఆ గోదామే.

మా ఆయనకు ఒళ్లు మండింది. “మీరు కాదండీ. మా నాన్న.”

“వేసేదాకే నీది. చూస్తే నాకు నేను కనబడుతుంటే, కాదనడానికి నువ్వెవడివిరా? కింద నా పేరు రాయి.”

“రాయను.”

గోదాములోకి ఈడ్చుకెళ్లారు. నేను ఏడుస్తూ వెనకే పరుగెత్తాను. బొజ్జోడనే బంటు మా ఆయన ముఖాన్ని కాటా అంచుకేసి కొట్టాడు. పన్ను ఊడి నా కాళ్ల దగ్గర పడింది. తరవాత కుడిచేతిని కాటా బల్లకు అదిమిపట్టి, తూకం రాయి ఎత్తాడు.

“ముఖం ఎవరిదిరా?”

“మా నాన్నది.”

రాయి పడింది. చిటికెన వేలు నుజ్జయింది. రాయి మళ్లీ లేచింది.

“మీదే బాబూ!” అని అరిచాను. “మిమ్మల్ని చూసే వేశాడు. పేరు నేను రాస్తాను!”

షావుకారు నవ్వాడు. “నీ పెళ్లానికున్న బుద్ధి నీకు లేదు కదరా.”

పేరు రాశాను. చెయ్యి దక్కింది, నాకదే చాలు.

ఇంటికొచ్చాక ఆయన నాతో మాట్లాడలేదు. కట్టు కడితే కట్టించుకున్నాడు, అన్నం పెడితే తిన్నాడు. “చెయ్యుంటే మళ్లీ వేసుకోవచ్చు కదయ్యా!” అని మీద పడి అరిచాను.

మర్నాడు మిట్టమధ్యాహ్నం నిచ్చెన భుజాన వేసుకుని సంతకు నడిచాడు. నేను దక్కించిన ఆ చేత్తోనే సుత్తి పట్టుకుని, వాళ్ల నాన్న ముఖాన్ని బాదడం మొదలుపెట్టాడు. కన్ను రాలింది. గాటున్న బుగ్గ పెళ్లలుగా ఊడిపడింది. కట్టులోంచి నెత్తురు మోచేతి దాకా కారుతోంది.

“ఎవడ్రా అది!” అంటూ గోదాములోంచి కర్రలు పట్టుకుని వస్తున్నారు. నిచ్చెన ఊగుతోంది.

ఒక చేత్తో నిచ్చెన పట్టుకున్నాను. రెండో చేత్తో కింద దొరికిన రాయి తీసుకుని, నేను రాసిన పేరును గీకడం మొదలుపెట్టాను.