పన్నెండోది మిగిలే ఉంది

నేను ఒక పాత కెమెరాను, పైగా ఖరీదైనదాన్ని. పాతదాన్నని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ఆ రెండో మాట అనేటప్పుడే వణుకు పుడుతుంది. మీరు కూడా దీన్ని పైకి చదవకండి. పక్కగదిలో భానోజీ ఫోను చూసుకుంటున్నాడు.

పుట్టింది జర్మనీలో. నాకు కళ్ళు రెండు, ఒకదాని మీద ఒకటి. పై కన్ను చూడటానికి, కింది కన్ను తీయడానికి. అత్తాకోడళ్ళున్న ఇంట్లో జరిగేదే ఇది, ఒకరు చూస్తారు, ఒకరు చేస్తారు. నడినెత్తిన మూత లేపితే లోపల గాజుపలక మీద బొమ్మ కనిపిస్తుంది. కాబట్టి నాతో ఫొటో తీసేవాడు ఎంతటివాడైనా తల వంచాల్సిందే. ఆ వంచిన తలను చూసి ఎదుటివాళ్ళు అది తమకు చేస్తున్న మర్యాద అనుకుని హాయిగా నవ్వేవాళ్ళు. నా ఫొటోలు బాగా వస్తాయన్న పేరులో సగం ఆ పొరపాటుదే.

మద్రాసు హార్బరులో ఒక ఆఫీసరు నన్ను కొని పెంపుడు కుక్కను తప్ప మరేమీ తీయలేదు. కుక్క పోయాక నన్ను చూస్తే ఏడుపొస్తోందని అమ్మేశాడు. అలా చేతులు మారి పాలకొల్లులో కొత్తగా స్టూడియో పెట్టిన పేర్రాజు మెడలో పడ్డాను.

పేర్రాజుకు రెండు పట్టింపులుండేవి. ఒకటి, రీలు సగంలో ఉండగా నేను గడప దాటకూడదు, ఎవరికీ అరువివ్వకూడదు, మరమ్మతుకైనా సరే. రెండోది, నా రీలుకు పన్నెండే ఫొటోలు, పెళ్ళివారివి పదకొండుతో ముగిసి పన్నెండోది మిగిలితే అది ఆయన భార్య మంగతాయారుకు చెందుతుంది. ఊళ్ళో అందరినీ కూర్చోబెట్టి, గడ్డం పైకెత్తమని, చెవి కనపడేలా తిరగమని బతిమాలే మనిషి, ఇంటి ఆవిడను మాత్రం విడిగా ఒక్కసారీ కూర్చోబెట్టలేదు. మంగతాయారు ఆల్బమంతా మిగిలిపోయిన పన్నెండోవే. ఒకదాంట్లో చేతిలో గొడుగు, ఒకదాంట్లో గరిటె, ఒకదాంట్లో సగం ఆవిడ, సగం గేదె.

వయసు పైబడ్డాక పేర్రాజు మోకాళ్ళ నొప్పితో వీధి అరుగు మీదకు చేరాడు. నన్ను ఒళ్ళో పెట్టుకుని వీధిలోకి చూస్తూ కూర్చునేవాడు. అందరూ ఆయన వీధిని చూస్తున్నాడనుకున్నారు. నాతో ఒక సౌకర్యముంది, మనిషి ముఖం ఒకవైపు పెట్టుకుని నన్ను మాత్రం మరోవైపు తిప్పి తీయొచ్చు. నా ముఖం వంటింటి గుమ్మంవైపు ఉండేది. గాజుపలక మీద మంగతాయారు చింతపండు పిసికేది, బియ్యంలో రాళ్ళేరేది. ఆయన గొంతు సవరించుకున్నట్టు దగ్గేవాడు, ఆ దగ్గులో నా చప్పుడు కలిసిపోయేది. అలా పదకొండు తీశాడు. పన్నెండోది తీయకుండానే పోయాడు.

స్టూడియో భానోజీ చేతికొచ్చింది. పేర్రాజు కొడుకు. జిరాక్సు, లామినేషను, ఐదు నిమిషాల్లో పాస్‌పోర్టు ఫొటో అన్న బోర్డు. నన్ను జిరాక్సు కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టాడు. ఒకసారి పాత సామాను కొనేవాడికి చూపిస్తే, వాడు నన్ను అటూ ఇటూ తిప్పి, ఇందులో ఇత్తడి లేదండి అని బల్లమీద పెట్టేశాడు. ఎవరికీ అక్కర్లేకపోవడంలో ఎంత నిద్ర పడుతుందో మీకు చెప్పలేను.

ఆ నిద్ర చెడగొట్టింది భానోజీ భార్య హైమ, పాపం ఏ దురుద్దేశమూ లేకుండా. ఒక మధ్యాహ్నం కెమెరా బొమ్మ, కింద దాని ధర ఉన్న ఫోను మొగుడి ముందు పెట్టింది.

"ఏవండీ, ఇది మన బరువురాయిలా లేదూ?"

భానోజీ చూశాడు. నాకేసి చూశాడు. మళ్ళీ ఫోనుకేసి చూశాడు. ఆ సాయంత్రం నన్ను మెత్తని పాత ధోవతిలో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఇంట్లో నగలకు జరిగే మర్యాద మొదటిసారి నాకు జరిగింది, నాకు చెమట పట్టినంత పనైంది.

బీరువాలోకి కబుర్లు బాగానే వినిపిస్తాయి. ఫిలిం ఎలా ఉంటుందో ఎరగని కుర్రాళ్ళు ఫిలిం మీద మోజు పడ్డారట. వాళ్ళకు నా గురించి వీడియోల్లో చెప్పేవాళ్ళున్నారట, చెప్పేముందు నాలాంటివాటిని నాలుగు కొని దాచుకుని మరీ చెబుతారట. ధర పెరుగుతోందని కొనేవాళ్ళు కొందరు, వాళ్ళు కొంటున్నారు కాబట్టి ధర పెరుగుతోందని కొనేవాళ్ళు మరికొందరు. బంగారం కొట్టు ముందు మనవాళ్ళు చేసే పనే. ఇందరిలో ఫొటో తీసేవాడు ఎక్కడున్నాడో నాకు అర్థం కాలేదు. తణుకు స్టూడియోలో నా ఈడు కెమెరా ఒకటుండేది. దాన్ని కొన్నాయన అద్దాల బీరువాలో, ఏసీలో, తేమ పీల్చే పొట్లాల మధ్య కూర్చోబెట్టాడట. మీట మీద ఎవరూ వేలు వేయరట, అరిగితే ధర తగ్గుతుందని. ఇంకోదాన్ని విప్పి కళ్ళు ఒకచోట, ఒళ్ళు ఒకచోట అమ్మారట.

వీటన్నిటికంటే పెద్ద భయం నా కడుపులో ఉంది. కొనేవాడెవడైనా ముందు చేసేది నా వెనక తలుపు తెరిచి చూడటం. తెరిచిన క్షణంలో వెలుగు పడి పదకొండు మంగతాయార్లు మాడిపోతారు. లోపల రీలుందని భానోజీకి తెలియదు. ఆ రీల్లో ఉన్నది తనేనని మంగతాయారుకు తెలియదు. తెలిసిన నాకు నోరు లేదు.

మహర్నవమినాడు నన్ను బీరువాలోంచి తీసింది మంగతాయారే. పేర్రాజు ఉన్నప్పటిలాగే పీటమీద పెట్టి, రెండు కళ్ళ చుట్టూ గంధం రాసి, కుంకుమ పెట్టింది. అరటిపండు నైవేద్యం. పక్కన జిరాక్సు మిషనుకూ బొట్టు పడింది. సరిగ్గా అప్పుడే వీధిలో కారాగింది. హైదరాబాదు నుంచి నిశ్చల్ అట, ఇలాంటి కెమెరాలు కొని అమ్ముతాడట. భానోజీ పిలిపించాడు. సన్నగా, మర్యాదగా ఉన్నాడు. గదిలోకి వస్తూనే జేబులోంచి తెల్లటి గుడ్డ గ్లౌజులు తీసి తొడుక్కున్నాడు. ఆపరేషనుకు ముందు డాక్టరు చేతులు చూసినవాళ్ళకు నా పరిస్థితి తెలుస్తుంది.

వంగి నన్ను చూశాడు. ఒక వేలు నా అడుగున ఉన్న గొళ్ళెం మీదకు వెళ్ళింది.

"అది పూజలో ఉంది బాబూ," అంది మంగతాయారు.

"ఒక్క నిమిషం ఆంటీ. వెనక డోర్ తీసి చూసి పెట్టేస్తాను. గ్లౌజులు కూడా వేసుకున్నాను."

"గ్లౌజులేసుకుంటే మైల అంటదని ఎవరు చెప్పేరు మీకు? రేపు ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు. పులిహోర తినండి."

"అమ్మా, ఆయన అంత దూరం నుంచి వచ్చేరే," అన్నాడు భానోజీ.

"అందుకే తినమంటున్నాను."

నిశ్చల్ పులిహోర తిని, రెండోసారి వేయించుకుని లాడ్జికి వెళ్ళాడు.

మర్నాడు ఉద్వాసన చెప్పి మంగతాయారు నన్ను చేతిలోకి తీసుకుంది. చెంగుతో గంధం తుడిచింది. పక్కనున్న చిన్న అంకెల కిటికీకేసి ఒక్కసారి చూసింది. నిశ్చల్ గ్లౌజుల చేయి చాపాడు.

"ఆగండి బాబూ. లోపల రీలుంది. పదకొండు మీద ఆగింది."

భానోజీ నోరు తెరిచాడు. "నాన్న పోయిన ఈ మూడేళ్ళూ తెలుసా నీకు?"

"నువ్వు కాగితాల మీద పెట్టినప్పుడల్లా ఎత్తి చూస్తూనే ఉన్నాను, ఎక్కడ తెరుస్తావో అని. సగం రీలుతో ఇది గడప దాటదు. పన్నెండోది అయ్యాక మాటాడుకుందాం. అది నాది."

"అయితే కూచోండి ఆంటీ, నేను తీస్తాను," అన్నాడు నిశ్చల్.

"నాదన్నాను గానీ నన్ను తియ్యమన్నానా?"

నన్ను పొట్టకు ఆనించుకుంది. ముఖం కిటికీవైపు పెట్టి, ఎండ బాగా కాస్తోందన్నట్టు బయటికి చూస్తూ, నన్ను మాత్రం పక్కకు తిప్పింది. చిన్నగా దగ్గింది. గ్లౌజుల చేయి చాపినవాడు చాపినట్టే నా లోపలికి వచ్చేశాడు.

నాకు అప్పుడు తెలిసింది, అరుగు మీది ఆ దగ్గు ఎవరినీ మోసం చేయలేదని.

నిశ్చల్ రీలు పూర్తిగా చుట్టి, జాగ్రత్తగా బయటికి తీసి, కడిగించుకొస్తానని పట్టుకెళ్ళాడు. దీపావళి ముందు ఫొటోలు తెచ్చాడు. కొంచెం మసకపట్టినా పదకొండింటిలోనూ మంగతాయారు ఉంది. హైమ కళ్ళు తుడుచుకుంది. భానోజీ ఏదో పని ఉన్నట్టు జిరాక్సు మిషను దగ్గరికి వెళ్ళిపోయాడు. మంగతాయారు ఒక్కొక్కటీ వెలుగులో పెట్టి చూసింది.

"ఇదిగో, ఇందులో కొంగు సర్దుకున్నాను చూడు. మొదటి రెండిట్లో కాస్త ఆలస్యంగా కనిపెట్టేను."

"తెలిసీ ఊరుకున్నావా అత్తయ్యా?" అంది హైమ.

"తెలుసని అంటే మానేసేవారు."

నిశ్చల్ ఆ ఫొటోలకేసి చాలాసేపు చూశాడు. ఈ కథతో కలిపి అమ్మితే ధర రెట్టింపవుతుందండి అన్నాడు. ఆ మాట అన్నవాడి కళ్ళు నిజంగానే తడిగా ఉన్నాయి. అందుకే నాకు ఇంకా భయం వేసింది.

మంగతాయారు లేచి ఫ్రిజ్ తెరిచింది. ఉసిరికాయ పచ్చడి వెనక నుంచి పేర్రాజు పాడవకుండా దాచిన రీలొకటి తెచ్చి, ముప్ఫై ఏళ్ళు చూసి నేర్చిన చేత్తో నాలో ఎక్కించింది.

"సగం రీలుతో గడప దాటదు బాబూ," అని గుర్తు చేసింది.

హైమను తీసింది. కొబ్బరి కోరును తీసింది. జిరాక్సు మిషను తీసింది. పదకొండు కాగానే మూత పెట్టి నన్ను వంటింటి అలమరలో కూర్చోబెట్టింది. అప్పటినుంచీ నా ప్రాణం ఆ అంకె మీద నిలబడి ఉంది.

నిశ్చల్ నుంచి ఫోను వస్తూనే ఉంటుంది, ధర పెరుగుతూనే ఉంటుంది. నిన్న మళ్ళీ పెరిగిందట. భానోజీ ఫోను జేబులో పెట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. నన్ను దించి అంకె చూశాడు. మూత లేపి, ఎన్నడూ లేనిది, తల వంచి గాజుపలకలోకి చూశాడు. అక్కడ వాళ్ళమ్మ బెండకాయలు తరుగుతోంది. వేలు మీట మీదకు వచ్చింది. నొక్కితే రీలైపోతుంది, గడప నాకు అడ్డం ఉండదు.

మంగతాయారు ఇటు తిరగలేదు. కొంగు సర్దుకుంది.

భానోజీ నొక్కాడు. దగ్గడం మాత్రం మరిచిపోయాడు.

"అయిపోయిందా?" అంది ఆవిడ కత్తిపీట మీంచి తలెత్తకుండా. "ఫ్రిజ్‌లో పచ్చడి వెనక ఇంకోటి ఉంటుంది, పట్రా."

అతను వెళ్ళి ఫ్రిజ్ తెరిచాడు. సీసాలు జరిపిన చప్పుడు చాలాసేపు వినిపించింది. వెనక ఇంకా ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు. నన్ను ఆ వైపుకు తిప్పి కూర్చోబెట్టమని ఎవరిని అడగను?